జుట్టు కత్తిరించే మిషన్ మోటారు నుంచి మన చేతిలో రూటర్ దాకా

ఈ వారం ఎపిసోడ్ వినడం కుదరని వాళ్ల కోసం మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. కార్పెంటర్ పనిలో ఉన్న తమ్ముళ్లు మాకు ఎక్కువగా పంపే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇంటికి పోయేటప్పుడు రూటర్ కొనుక్కుపోవాలె, ఏది తీసుకోను?" కష్టపడి దాచిన పైసలు, పైగా చేతివేళ్ల సంగతి. బ్రాండ్ పేరు చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఈ మిషన్ ఎట్లా పుట్టిందో తెలిస్తే జవాబు సగం అందులోనే దొరుకుతుంది.

మిషన్ రాకముందు చెక్కలో గాడి తీయాలంటే ఉలి, సుత్తి. గాడి అడుగును ఒకే లోతున చదును చేయడానికి ఇంగ్లండ్ వడ్రంగులు ఒక చిన్న చిత్రిక వాడేవాళ్లు. చెక్క దిమ్మ మధ్యలోంచి ఒక్క ఉలి కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ముసలమ్మ పన్ను'. చూస్తే మీరూ అదే అంటారు! అమెరికాలో స్టాన్లీ కంపెనీ 1880లలో దాన్నే ఇనుముతో చేసి 71 నంబరుతో అమ్మింది. ఇంగ్లిష్‌లో రూటర్ అనే పేరు ముందు ఈ చేతి పనిముట్టుదే, కరెంటు మిషన్‌ది తర్వాత.

1915లో అమెరికాలో ఆస్కర్ ఆన్‌స్రుడ్, ఆయన కొడుకు కలిసి గాలి ఒత్తిడితో తిరిగే చేతి రూటర్ చేశారు. వేగం బాగుంది, కానీ కంప్రెసర్ లేనిదే అది కదలదు. అంటే ఫ్యాక్టరీకే తప్ప ఇంటికి పనికిరాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలో కార్టర్ అనే ప్యాటర్న్ మేకర్, జుట్టు కత్తిరించే మిషన్ మోటారుకు కట్టర్ బిగించి పని కానిచ్చాడని కథగా చెప్తారు. చేతిలో పని ఆగిపోతే దొరికిన సామానుతో ఏదో ఒకటి చేసుకునేవాడు మన వర్క్‌షాపుల్లోనూ ఉంటాడు కదా, అట్లాంటి మనిషే. ఆ రూటర్ బాగా అమ్ముడుపోయింది. 1929లో ఆ వ్యాపారాన్ని స్టాన్లీ కొనేసింది.

ఆ పాత రూటర్లతో ఒక చిక్కుండేది. పలక మధ్యలో గాడి మొదలుపెట్టాలంటే, తిరుగుతున్న బిట్‌ను ఒరిగించి మెల్లగా దించాలి. చెయ్యి వణికితే చెక్క పాడు, ఒక్కోసారి మనిషికీ దెబ్బ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఎలు కంపెనీ దీన్ని తీర్చింది: రెండు స్తంభాలు, వాటిలో స్ప్రింగులు, మోటారు నిటారుగా దిగి నిటారుగా లేస్తుంది. అదే మనం ప్లంజ్ రూటర్ అంటున్నది. 1984లో ఎలును బ్లాక్ అండ్ డెక్కర్ కొన్నది. ఈరోజు షాపులో కనిపించే డివాల్ట్ 625 ఎలు ఇంటి బిడ్డే. పాత డిజైన్ అని చిన్నచూపు వద్దు. ఇన్నేళ్లు నిలిచిన మోడల్‌కే బ్రష్‌లు, బేరింగులు తేలికగా దొరుకుతాయి.

ఇక కొనేటప్పుడు. నా లెక్కలో వాట్లకన్నా ముందు చూడాల్సింది కొలెట్, అంటే బిట్‌ను పట్టుకునే బుగ్గ. నిమిషానికి 20, 30 వేల చుట్లు తిరిగే బిట్‌ను ఆపి ఉంచేది అదొక్కటే. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. 6 మి.మీ. బిట్ అందులో దూరుతుంది గానీ పట్టు నిలవదు, జారి బయటికి వస్తుంది. గల్ఫ్ షాపుల్లో రెండు కొలతల బిట్లూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, షాంక్ మీద రాసింది చదివే కొనండి. బిట్‌ను అడుగుదాకా తోసి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించాలి.

తర్వాత ప్లంజ్ దించి లాక్ వేసి అటూ ఇటూ ఊపండి. వదులుగా ఊగితే ఆ మిషన్ అక్కడే పెట్టేయండి. ఇంట్లో తలుపులు, అల్మారాలు, పూజామందిరం లాంటి పనికి సుమారు 1,000 వాట్లు, 6 లేదా 8 మి.మీ. కొలెట్ చాలు. 12 మి.మీ. పెద్ద మిషన్ 5, 6 కిలోలుంటుంది, ఒంటి చేతి పని కాదు. అంచులు గుండ్రం చేయడానికే అయితే చిన్న ట్రిమ్మర్ తీసుకోండి. పలక అంచు మీవైపు ఉంటే రూటర్‌ను ఎడమ నుంచి కుడికి నడపాలి. తిప్పి నడిపితే మిషనే చేతిని లాక్కుపోతుంది.

చివరిగా కరెంటు. ఇంటికాడ మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దుబాయ్, షార్జాలో కొన్నదానికి ప్లగ్ మారిస్తే చాలు. సౌదీలో 60 హెర్ట్జ్ అని భయపడొద్దు, కార్బన్ బ్రష్‌ల మోటారుకు హెర్ట్జ్‌తో పేచీ లేదు, వోల్టులతోనే. అమెరికాలో ఉన్న తమ్ముళ్లకు అక్కడి 120 వోల్టుల మిషన్ ఊళ్లో నేరుగా పెడితే కాలిపోతుంది. జపాన్ సెకండ్ హ్యాండ్ అని ఎవరైనా చవకగా ఇస్తానంటే, ప్లేట్ మీద 100 వోల్టులు అని ఉందేమో చూశాకే పైసలు తీయండి.