దివ్యాంగులకు శిక్షణ, ఉద్యోగం: తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మన కుటుంబాలకు

దివ్యాంగులైన మన పిల్లలకు పని వెతకబోతే మొదటి చిక్కు ఆఫీసు బోర్డు దగ్గరే ఎదురవుతుంది. తమిళనాడులో దాని మీద ‘మాట్రుత్తిరనాళి’ అని, కర్ణాటకలో ‘వికలచేతన’ అని, ఒడిశాలో ‘భిన్నక్షమ’ అని రాసి ఉంటుంది. మహారాష్ట్రలో మనకు తెలిసిన ‘దివ్యాంగ’ మాటే. మాట ఏదైనా వెనక ఉన్నది ఒకే కేంద్ర చట్టం, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. అది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది.

అన్నిటికన్నా ముందు యూడీఐడీ కార్డు తీసుకోవాలి. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో. పరీక్ష మీరు ఉంటున్న జిల్లాలో గాని, వైద్యం పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో గాని చేయించుకోవచ్చు. ఆ ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది కాబట్టి యానాం కార్డు హైదరాబాదులోనూ పనికొస్తుంది. అయితే కార్డు చెల్లడం వేరు, అక్కడి రాష్ట్ర ఉద్యోగాల కోటాకు అర్హత ఉండడం వేరు. స్థానికత నిబంధన విడిగా చూసుకోవాలి. మనవాళ్లకు దెబ్బ తగిలేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరుతో, బడి సర్టిఫికెట్‌లో తమిళ పద్ధతిలో తండ్రి పేరు పొడి అక్షరంతో ఉంటే కాగితాలు కలవవు. దరఖాస్తుకు ముందే రెండూ ఒకటి చేయించండి.

వైకల్యం 40 శాతం, ఆ పైన ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కోటా ఉంది. 1995 చట్టంలో ఇది 3 శాతమే. చూపు, వినికిడి, చలన వైకల్యాలకు ఒక్కో శాతం. కొత్తగా చేరిన నాలుగో శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, అభ్యసన లోపం, బహుళ వైకల్యం ఉన్నవారికి. దీని గురించి మమ్మల్ని అడిగేవాళ్లే తక్కువ. కేంద్ర ఉద్యోగాలకు వయసులో 10 ఏళ్ల సడలింపు ఉంది.

శిక్షణ సంగతికి వస్తే, చెన్నై, బెంగళూరు, ముంబై, భువనేశ్వర్‌లలో కేంద్ర కార్మిక శాఖ నడిపే దివ్యాంగుల ఉపాధి సేవా కేంద్రాలున్నాయి. పాతవారికి ఇవి ‘వీఆర్‌సీ’లు. ఎవరికి ఏ పని తగునో చూసి శిక్షణకు దారి చూపుతాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాలకు, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో చలన వైకల్యాలకు, ముంబై బాంద్రాలో వినికిడి లోపాలకు జాతీయ సంస్థలున్నాయి. బెంగళూరులో 1959 నుంచి నడుస్తున్న అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ తోటపనిలో కూడా శిక్షణ ఇస్తుంది. 1999లో మొదలైన ఎనేబుల్ ఇండియా కంపెనీ ఉద్యోగాలు చూపిస్తుంది. మేధో వైకల్యం ఉన్నవారికి తెలుగు వాతావరణమే కావాలంటే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థను అడగవచ్చు. కాని పని చేయబోయేది హోసూరులో అయితే శిక్షణ తమిళంలో జరగడమే మేలని మా అభిప్రాయం. రేపు పక్కన నిలబడి పని చెప్పేవాళ్లు మాట్లాడేది ఆ భాషే కదా. అలాగని ఇంట్లో తెలుగు మానేయనక్కరలేదు.

చూపులేనివారికి భాష అంత అడ్డు కాదు. మన దేశ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో ఒకే శబ్దానికి దాదాపు ఒకే చుక్కలు. కన్నడ బడిలో నేర్చుకున్న అమ్మాయి కొద్ది సాధనతో తెలుగు పుస్తకమూ చదవగలదు. కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగూ చదువుతుంది.

ఇక ఇంటి సంగతి. ‘పనికి పంపితే పెన్షన్ పోతుంది’ అన్న భయంతో పాతికేళ్ల పిల్లల్ని గడప దాటనివ్వని ఇళ్లు మనలోనూ ఉన్నాయి. పెన్షన్ నిబంధన రాష్ట్రానికో తీరు. ఊహించుకోకుండా జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఒకప్పుడు దివ్యాంగులనగానే ఎస్‌టీడీ బూతు పెట్టించేవాళ్లు. బూతులు పోయినా ‘ఏదో ఒకటి పెట్టిద్దాం’ అనే ఆలోచన మాత్రం పోలేదు. ఏ పని ఇష్టమో వాళ్లనే అడగాలి.

ప్రైవేటు ఉద్యోగమైతే, 20 మంది, ఆ పైన పనిచేసే సంస్థ దివ్యాంగులకు ఇచ్చే వసతులేమిటో చెప్పే సమానావకాశ విధానం రాసి ప్రకటించాలని నిబంధన ఉంది. చేరేముందు అది చూపమనండి. మరుగుదొడ్డికి మెట్లున్నాయా, బస్సు ఎంత దూరంలో ఆగుతుంది అన్నవి కూడా అప్పుడే అడగండి.