నెల్లూరు రేవులనుండి పెగూ దేశమునకు

మలయాదేశమున పురుషులు ఇంటిపట్టున ధరించు గళ్ళలుంగీకి ‘కాయిన్ పెలికాత్’ అని పేరు. కాయిన్ అనగా బట్ట. పెలికాత్ అనునది మన పులికాటు. నెల్లూరుసీమకు దక్షిణపుటంచున నున్న ఉప్పునీటి సరస్సు శ్రోతలకు దెలిసినదే. ఆ సరస్సు దక్షిణపు కొనయందు, సముద్రము దానిలోనికి దారిచేసికొన్న చోట, ఆ పేరుగల రేవుపట్టణమున్నది. ఇప్పుడది తమిళనాటిలోని చిన్నయూరు. దాని పేరు మాత్రము వేయిమైళ్ళకు పైగా సముద్రము దాటి, అన్యభాషలో చేరి, నేటికిని జనుల నడుములకు చుట్టుకొనియున్నది.

బట్టతోపాటు మనుష్యులును పోయిరిగదా! వారెట్లు పోయిరి, పోయిన పిదప పరదేశమున ఎట్లు తిరిగిరి, ఎచ్చట బసచేసిరి, ఏ నాణెముతో బేరమాడిరి, ఇది నేడు నేను ముచ్చటింపదలచిన విషయము. మన చరిత్రగ్రంథములలో శ్రీవిజయమునకును సువర్ణద్వీపమునకును, రాజేంద్రచోళుని నౌకాదండయాత్రకును గొప్పస్థానమున్నది. అవి రాజుల ప్రయాణములు. బట్టలమూటతో పోయిన వర్తకుని ప్రయాణము నాకు వానికంటె ఆసక్తికరముగా తోచును. ఏలయన, అతనికి సైన్యము లేదు. ఆ దేశపువారు రానిచ్చినప్పుడే అతడు లోనికి పోగలిగెను.

మన తీరము ఓడలకు అనుకూలమైనది కాదు. కండలేఱు సముద్రమున గలియు కృష్ణపట్టణము కొంత మేలు. ఇసకపల్లి, రామాయపట్టణము, దుర్గరాజపట్టణము మొదలగు తావులలో ఒడ్డంతయు ఇసుక. అలలు దూరముననే విఱిగిపడుచుండును. పూర్వము పెద్దయోడ లోతునీట నిలువవలసియుండెడిది. దానియొద్దకు సరుకును మనుష్యులను చేర్చినవి నారత్రాళ్ళతో కుట్టిన పడవలు. వానిలో మేకు ఒక్కటియు నుండెడిది కాదు. మేకులు దిగగొట్టిన పడవ అలదెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి, సాగి, తట్టుకొనును. పరదేశయానమున మొదటి గండము ఈ అఱమైలు దూరమే.

తరువాతిది గాలి. నైరృతిగాలి ఓడను తూర్పునకు కొనిపోవును. ఈశాన్యపుగాలి మరల ఇంటికి దెచ్చును. ఈ రెంటినడుమ, అక్టోబరు మొదలు డిసెంబరువఱకు, మన తీరమును తుపానులు కొట్టుచుండును. సీజరు ఫ్రెడరికు అను వెనిసు వర్తకుని పేరు విజయనగరచరిత్ర చదివినవా రెఱుగుదురు. తళ్ళికోట యుద్ధమైన రెండేండ్లకు, అనగా 1567లో, పాడువడిన యా నగరమును చూచినవా డితడే. ఇతడు శాంతోమునుండి పెగూ దేశమునకు పోవు ఓడను గూర్చి వ్రాయుచు, ఆ యోడ సెప్టెంబరు పదియవ, పదునొకండవ తేదీలలో బయలుదేరుననియు, పండ్రెండవ తేదీవఱకు నిలిచెనా, ఆ యేటి ప్రయాణము సాగకయే వెనుదిరుగకుండుట గొప్పయదృష్టమనియు తెలిపినాడు. ఒకటి రెండు దినముల జాగునకు ఏడాది వ్యాపారమంతయు పోవును! రైలు తప్పినచో సాయంకాలపు రైలుకు పోవు మనకు ఇది ఊహకందుట కష్టము.

ఆ యోడలోని సరుకు ఎఱ్ఱని నూలు, అద్దకపు బట్టలు. ఆ యెఱుపు చిరివేరునుండి వచ్చును. చిరివేరు మన తీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క. దాని వేరును త్రవ్వి, దంచి, రంగు తీసెడివారు. ఉదికినకొలది ఆ యెఱుపు మఱింత నిగ్గుతేలునని ఫ్రెడరికే ఆశ్చర్యపడినాడు. పెగూ ప్రజలు దీనికై కాచుకొనియుండెడివారు.

ఇక ఆ దేశములో తిరుగుట యెట్లు? దిగువబర్మా యంతయు నదులు, కాలువలు, బురదనేలలు. బాటలకంటె నీళ్ళే దారులు. కోస్మిను రేవున దిగినవాడు పడవమీద కాలువలవెంట పెగూ నగరమునకు పోవలెను. 1586-87 ప్రాంతమున ఆ దారిని పోయిన రాల్ఫ్ ఫిచ్ అను ఆంగ్లేయుడు, ఒడ్డునగల యిండ్లన్నియు ఎత్తైన స్తంభములమీద కట్టబడియున్నవనియు, పులులకు వెఱచి నిచ్చెనలమీద ఎక్కుచున్నారనియు వ్రాసెను. మర్తబాను దిక్కునుండి వచ్చువానికి వేఱొక గండము. సిట్టాంగు నదీముఖమున పోటునీరు గోడవలె లేచి, భూకంపమువంటి చప్పుడుతో లోనికి దూకును. పడవవారు దానికి వెఱచి పాఱిపోరు. నదినడుమ పడవ నిలిపి, దానికొఱకే కాచుకొనియుందురు. అల తాకినంతనే పడవ నీటితో తడిసి, బాణమువలె పరుగిడును. పోటు తీయకమున్నే మజిలీ చేరి, ఆటు వచ్చి పోవువఱకు అచ్చట కట్టుకొని యుండవలెను.

నాటి పెగూ నగరము రెండు భాగములు. బయిన్నౌంగ్ రాజు (1551-1581) కట్టించిన క్రొత్తనగరమున రాజును పరివారమును. పాతనగరమున వర్తకులు, పరదేశులు. ఇండ్లు వెదుళ్ళతో కట్టి గడ్డికప్పినవి. నిప్పంటుకొన్నచో వీధియంతయు బూడిదయే. కావున ప్రతియింటను సరుకు దాచుటకు ఇటుకతో కట్టిన గది యుండెడిది. దానిని ‘గొడోను’ అందురని ఫ్రెడరికు చెప్పుచున్నాడు. మలయాభాషలోని ‘గుడాంగ్’ అను మాట మన ‘గిడ్డంగి’ నుండియే పోయినదని కొందఱు పండితులు తలంచిరి. నిజమైనచో, మనవారు ఆ తీరములకు బట్టనే కాక, బట్టదాచు గదిపేరును కొనిపోయి రన్నమాట.

భాష రాని పరదేశి సరుకు అమ్ముట ఎట్లు? రాజు నియమించిన యెనమండ్రు దళారులుండిరి. వారు నూటికి రెండువంతున రుసుము గైకొని, సరుకమ్మిపెట్టి, సొమ్మునకు తామే పూచీపడుదురు. గడువునకు సొమ్ము చెల్లింపనిచో వర్తకుడు దళారిని తన యింటికి దెచ్చి నిర్బంధింపవచ్చును. అప్పటికిని చెల్లింపనిచో అతని భార్యాబిడ్డలను పట్టి, తన వాకిట ఎండలో కట్టివేయవచ్చును. పరదేశికి ఇంతకుమించిన రక్షణ వేఱొకచోట లేదని ఫ్రెడరికు మెచ్చుకొన్నట్లే కన్పట్టును. నాకు మాత్రము ఆ రక్షణ యెవరి వీపుమీద నిలిచినదో చూడక ముందునకు సాగుట సాధ్యము కాలేదు.

నాణెము సంగతి వింత. అచ్చట చెల్లునది రాజముద్ర గలది కాదు. రాగియు సీసమును గలిపిన ‘గంజా’ అను లోహపుముక్క. ఎవడైనను పోతపోయవచ్చును. సీసము హెచ్చుగ గలిపినవాడు లాభపడును. కావున క్రొత్తగా వచ్చినవాడు మొదట వెదకికొనవలసినది బసకాదు, తూనికవానిని. నెలజీతమున కుదిరిన తూనికవాడు లోహము మంచిచెడ్డలు చూచి, తప్పువచ్చినచో తాను భరించును.

మలక్కాలోను ఇట్టి యేర్పాటే. 1511లో పోర్చుగీసువారు దానిని గెలుచుటకు ముందు, అచ్చట నలుగురు రేవధికారులుండిరి. ఒక్కొక దిక్కునుండి వచ్చు వర్తకులకు ఒక్కొకడు. మన తీరమువారికి, వంగ, పెగూ, పసాయి వర్తకులకు ఒకడే అధికారి. మన తీరపువారిని వారు ‘క్లింగు’ లనిరి, అది కళింగశబ్దభవము. గుజరాతీలు మఱియొక యధికారిక్రింద నుండిరి.

ఈ దారి అందఱకు ఒకటే కాదు. 1610లో డచ్చివారు పులికాటున స్థిరపడి, పిదప కోటకట్టిరి. మొలక్కసు ద్వీపములలో లవంగములు, జాజికాయలు కొనుటకు వెండికంటె మన బట్టయే మేలని వారు కనుగొనిరి. అచ్చటితో ఆగలేదు. 1614లో వేంకటపతిరాయలు గతించిన పిదప చెలరేగిన అంతర్యుద్ధములును, కఱవులును మన సీమను పీడించెను. తిండిలేక తమ్ము, తమ బిడ్డలను అమ్ముకొన్నవారిని డచ్చివారు కొని, బట్టలకట్టలతోపాటే ఓడలకెక్కించి బతావియాకు పంపిరి. 1621లో బందాద్వీపముల ప్రజలను కోయెను నాశనము చేసియుండుటచే, అచ్చటి జాజితోటలకు పనివారు కావలసియుండిరి. 1622-23లో పులికాటునుండియు దక్షిణపు రేవులనుండియు ఇట్లు పోయినవారు వందలు కాదు, వేలు. వర్తకుడు ఈశాన్యపుగాలికై ఎదురుచూచెను. వీరికి ఆ గాలితో పని లేకపోయెను.

ఆంగ్లేయులు 1626లో దుర్గరాజపట్టణమున కోఠీ పెట్టి, దానికి ఆర్మగాన్ అని పేరిడిరి. మంచిబట్ట చౌకగా దొరకక, అచ్చటి ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి, 1639లో దామెర్ల వేంకటాద్రినాయకుని యొద్ద చెన్నపట్టణపు నేలను సంపాదించెను. ఆ దినముతో మన రేవుల దశ మాఱెను. ఆవల బర్మాకు పోవు నెల్లూరువాడు ముందు చెన్నపట్టణమునకే పోవలసివచ్చెను. 1899లో రైలు వచ్చువఱకు బకింగుహాముకాలువ పడవలే అతనికి మంచి ఆధారము.

పొగయోడలు గాలినియమమును తీసివేసెను. రంగూనునుండి ప్రోమునకు 1877లోను, మాందలేకు 1889లోను రైలు నడచెను. ఐరావతీనదిపై 1865లో స్థాపింపబడిన కంపెనీ పడవలు వందలకొలది తిరిగెను. ఎక్కువగా విశాఖ, గోదావరి మండలములనుండి తెలుగు కూలీలు పోయి, మేస్త్రీల అప్పులకు కట్టుబడి, రేవులలోను బియ్యపుమిల్లులలోను పనిచేసిరి, రిక్షాలు లాగిరి. 1931 లెక్కలలో రంగూను జనులలో సగమునకు పైగా భారతీయులే. అంతకు ముందటియేడు, 1930 మే నెలలో, రేవుపనికై తెలుగువారికిని బర్మావారికిని ఘోరమైన కొట్లాట జరిగెను.

1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. ఓడలలో చోటు డబ్బుగలవారికి దొరకెను. మార్చి 8న నగరము జపానువారి వశమయ్యెను. ఐరావతీ కంపెనీవారు తమ పడవలను తామే ముంచివేసిరి. రైలు, పడవ, ఓడ మూడును పోయిన దేశమునుండి లక్షలమంది కాలినడకను బయలుదేరిరి: కొందఱు ప్రోమునుండి టౌంగుప్ కనుమమీదుగా ఆరకానునకు, కొందఱు టామూమీదుగా మణిపురమునకు, కడపట పోయినవారు హుకాంగు లోయమీదుగా లేడోకు. మశూచి, విషూచి, ఆకలి వేలకొలది ప్రాణములను గొనెను. అందఱు భయపడినది మే నెలాఖరునకు వచ్చు వానలకు. పూర్వము చిరివేరు బట్టలను తూర్పునకు తెచ్చిన నైరృతిగాలియే యది; ఇప్పుడు దానికెదురుగ పడమటికి నడువవలసివచ్చెను. దిమాపూరు చేరినవారిని రైళ్ళకెక్కించి, కలకత్తామీదుగా దక్షిణమునకు పంపిరి.