తంతి తీగ నుంచి వై-ఫై దాకా: మన ఇంటి పెట్టె చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. పాలకొల్లులో కూర్చుని చరిత్ర రాయమంటే క్షీరారామం గోపురం గురించో, డచ్చివారి వర్తకం గురించో రాయడం ఆనవాయితీ. వాటి మీద నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. అందుచేత మన అందరి ఇళ్లలోనూ గోడకు తగిలించి, రెండు కొమ్ములతో మినుకు మినుకుమంటూ ఉండే చిన్న పెట్టె చరిత్ర రాయదలచాను. పిల్లలు ఊరు వచ్చినప్పుడు దాన్ని బిగించి, "దాని జోలికి వెళ్లకు నాన్నా" అని చెప్పి వెళ్లిపోతారు. దాని జోలికి వెళ్లవలసిన అవసరం మనకే ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

మన దేశంలో మొదటి తంతి తీగను 1850లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య ప్రయోగంగా వేశారు. వేయించినవాడు ఓషానెస్సీ అనే వైద్యుడు. 1855లో తంతి సౌకర్యం ప్రజలకు అందింది. ఇక్కడ మన డెల్టాలో కాటన్ దొరగారి ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. గోదావరి నీరు ఆనకట్ట దగ్గర ఆగి, ప్రధాన కాలువలో పడి, పిల్ల కాలువలకు చీలి, తూము దాటి, బోదెలో పారి చివరకు చేను చేరుతుంది. కబురు నడిచే దారి కూడా అటువంటిదే. పెద్ద తీగ నుంచి చిన్న తీగకు, అక్కడి నుంచి ఇంటికి. ఇంటర్నెట్టు పెద్ద కాలువ అయితే, మన ఇంటి పెట్టె తూము. వై-ఫై ఆఖరి బోదె. ఈ బోదెను మట్టిలో తవ్వరు, గాలిలో పారిస్తారు. తేడా అంతే.

అయితే ఆ ఆఖరి బోదె మన చేతికి రావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. అంతకాలం మనకూ కబురుకూ మధ్య ఎవరో ఒక మనిషి ఉంటూ వచ్చాడు. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఇంగ్లీషు తెలియని ఇంట్లో తెచ్చినవాడే చదివి చెప్పాలి. ఆ తంతి 2013 జూలైలో మన దేశంలో ముగిసింది. ట్రంకు కాల్ బుక్ చేస్తే గంటల తరబడి ఎక్స్ఛేంజీ ఆపరేటరు దయ కోసం కాచుకున్నాం. తరువాత ఎస్.టి.డి. బూత్‌లో మీటరు వంక చూస్తూ, వెనక నిలబడ్డవారు వింటూ ఉండగా, హైదరాబాదులో ఉన్న అబ్బాయితో మాట్లాడాం. ఆపైన నెట్ సెంటరు. అక్కడి కుర్రవాడికి ఆధార్ కార్డూ, పి.పి.ఓ. నంబరూ, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. కూడా అప్పగించి బల్ల మీద కూర్చున్నాం.

ఒక సంవత్సరం నా జీవన ధ్రువీకరణ పత్రం చేరలేదని రెండు నెలల పింఛను ఆగిపోయింది. పంపించామని ఒకచోట అన్నారు, రాలేదని మరొకచోట అన్నారు. నా దగ్గర రసీదు లేదు. మా ఇంటావిడ మందుల ఖర్చు ఆ రెండు నెలలూ ఎలా గడిచిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి అనుభవం మన సభ్యులలో చాలామందికి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరులో "జీవన్ ప్రమాణ్" ప్రవేశపెట్టింది. మొదట వేలిముద్ర యంత్రం కావలసి వచ్చేది. మన వేళ్ల మీద గీతలు అరిగిపోయి అదీ ఇబ్బందే అయింది. 2021 నవంబరు నుంచి సెల్‌ఫోను కెమెరాలో ముఖం చూపిస్తే సరిపోయే పద్ధతి వచ్చింది. దానికి కావలసినవి తగిన ఫోనూ, ఇంట్లో సక్రమంగా పనిచేసే నెట్టూ. మంచం మీద నుంచి లేవలేని పెన్షనరుకు ఇది ఎంత మేలో ఆలోచించండి.

ఇక ఆ నెట్టు మన ఇంటికి ఎలా వచ్చిందో చూద్దాం. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో టెలిఫోను తీగ మీదే అది నడిచేది. నెట్టు పెడితే ఫోను పనిచేయదు, ఫోను వస్తే నెట్టు పోతుంది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండు అన్నారు. ఈనాటి లెక్కలో అది చెంచాడు నీళ్లు.

గాలిలో కబురు పంపడం అంతకంటే పాతది. జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో గోడల అవతలి నుంచి తరంగాలు పంపి గంట మోగించి చూపారు. కంప్యూటర్లను రేడియోతో కలపడం 1971లో హవాయి దీవులలో జరిగింది. మన లంక గ్రామాల మాదిరిగా నీటి మధ్య విడివిడిగా ఉన్న దీవులు కావడంచేత అక్కడివారికి ఆ అవసరం ముందు తోచింది. 1997లో ఇంజనీర్ల సంస్థ ఒకటి దీనికి నియమావళి రాసింది. అదే 802.11. ఆ అంకెలు జనం నోట పలకవని 1999లో "వై-ఫై" అని పేరు పెట్టారు. ఆ పేరుకు విడమరచి చెప్పే అర్థం ఏదీ లేదు. వ్యాపారం కోసం పెట్టిన ముద్దుపేరు.

ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునేవాళ్లం. మీలో కొందరి దగ్గర ఆ పుస్తకాలు ఇంకా ఉండవచ్చు. వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జుల తరంగానికి మాత్రం భారత ప్రభుత్వం 2005 జనవరిలో లైసెన్సు అక్కరలేదని ఉత్తర్వు ఇచ్చింది. గెజెట్‌లో వచ్చిన ఆ చిన్న ఉత్తర్వే మన ఇళ్లలోని పెట్టెకు పునాది.

పెద్ద కాలువ మన వైపు రావడం ఆ తరువాతి కథ. వశిష్ఠ గోదావరికి అవతల, సఖినేటిపల్లి మండలంలో జీడిపప్పుకు పేరుపడిన మోరి గ్రామం ఉంది. 2016 డిసెంబరు ఆఖరున అక్కడ ఇంటింటికీ ఫైబరు తీగ ఇచ్చి, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ప్రారంభించారు. మరుసటి ఏడు 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఏ.పి. ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇస్తామని అప్పుడు ప్రకటించారు. భూమి తవ్వకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే ఆ తీగ లాగడం ఇందులోని విశేషం. ఆ తీగలో విద్యుత్తు ప్రవహించదు, వెలుగు ప్రవహిస్తుంది. వెంట్రుకంత సన్నని గాజు దారంలో వెలుగును దూరానికి పంపవచ్చని 1966లో చెప్పిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక ఇంటి లోపలి సంగతి. నేను 1974లో రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరినప్పుడు నాకు మొదట ఇచ్చినది తపాలు సీటు. బయటి నుంచి వచ్చిన కాగితాలన్నిటి మీదా ఆఫీసు చిరునామా ఒక్కటే ఉండేది. ఏ కాగితం ఏ సీటుకు వెళ్లాలో రిజిస్టరు చూసి పంచడం నా పని. రూటరు అనే పెట్టె చేసేది అచ్చంగా ఇదే. బయట ప్రపంచానికి మన ఇంటిది ఒకే నంబరు. ఇంట్లో ఫోను, టీవీ, మనవరాలి కంప్యూటరు ఒక్కొక్కదానికి పెట్టె ఒక సీటు నంబరు ఇస్తుంది. 192.168తో మొదలయ్యేవి సాధారణంగా ఆ లోపలి నంబర్లే. పాత పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న నంబర్లు సుమారు 429 కోట్లు. అవి చాలకనే ఇలా ఇంటికొక నంబరు ఇచ్చి సర్దుకున్నారు.

దీన్నిబట్టి ఒక ముఖ్య విషయం తెలుస్తుంది. వై-ఫై వేరు, ఇంటర్నెట్టు వేరు. ఫోనులో వై-ఫై గుర్తు నిండుగా ఉన్నా నెట్టు రాకపోవచ్చు. బోదె బాగానే ఉంది, కాలువలో నీరు లేదన్నమాట. ఫైబరు పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అనే చోట ఎర్రదీపం వెలిగితే బయటి నుంచి వెలుగు అందడం లేదని అర్థం. కేబుల్ ఆయనను పిలవాలి. ఆ దీపం లేకుండా నెట్టు రాకపోతే, పెట్టెను ఆపి ఒక నిమిషం ఆగి మళ్లీ వేసి చూడండి.

పెట్టెను పెట్టే చోటు కూడా ముఖ్యం. మన పాత మండువా లోగిళ్ల గోడలు లావు. ఇనుప బీరువా పక్కన పెడితే తరంగం ముందుకు పోదు. ఇంటి మధ్యలో, తలకంటే ఎత్తున పెడితే నాలుగు గదులకూ సమంగా అందుతుంది. ఐదు గిగాహెర్ట్జుల తరంగం వేగమైనదే కాని గోడలు అంత బాగా దాటలేదు. దూరపు గదికి 2.4 మేలు.

తూముకు తాళం ఉండాలి. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చి, డైరీలో రాసి బీరువాలో పెట్టండి. ఇంటిపేరూ పుట్టిన తేదీ పాస్‌వర్డుగా వద్దు. రైల్వే స్టేషనులో ఉచిత వై-ఫై మీద బ్యాంకు పని చేయవద్దు. ఓ.టి.పి. అడిగినవాడు ఎవరైనా సరే, చెప్పవద్దు. పోలీసులమని వీడియోలో బెదిరించి డబ్బు కట్టమంటే వెంటనే ఫోను కట్టేసి 1930కు తెలియజేయండి.

దీనికీ లోట్లు ఉన్నాయి. పాత టెలిఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది గనుక ఇంట్లో దీపాలు ఆరినా అది మోగేది. ఫైబరు పెట్టెకు ఇంట్లో కరెంటు కావాలి. అందుచేత దాన్ని ఇన్వర్టరుకు కలిపించుకోండి. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ స్తంభాలు ఎలా పడ్డాయో చూసినవాళ్లం. స్తంభం పడితే దాని మీది ఫైబరూ పడుతుంది. ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితం మీద కూడా ఉంచుకోవడం మంచిది.

తంతి చదివిపెట్టినవారూ, ట్రంకు కాల్ కలిపినవారూ, నెట్ సెంటరు కుర్రవాళ్లూ చాలామంది మనకు మేలే చేశారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని మన పింఛను, మన ఆరోగ్యం, మన పిల్లలతో మాట మరొకరి తీరికను బట్టి నడవవలసిన అవసరం ఇప్పుడు తగ్గింది. సర్వీసులో ఉండగా ఎన్నో కొత్త రిజిస్టర్లు, కొత్త జీవోలు నేర్చుకున్నాం. ఇది వాటికంటే కష్టమైనదేమీ కాదు. ఈసారి మనవలు వచ్చినప్పుడు ఒక గంట కూర్చోబెట్టుకుని ఆ పెట్టె మీది దీపాల అర్థం ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి. భార్యాభర్తలు ఇద్దరూ నేర్చుకోండి. ఫ్యామిలీ పెన్షను తీసుకునే రోజు ఇద్దరిలో ఒకరికి వస్తుంది. ఆనాడు వారు ఎవరి బల్ల ముందూ కాచుకోనక్కరలేకుండా ఉండాలి.