అన్నపూర్ణ పరిక్రమ మార్గంలో పర్వత సైకిలు యాత్ర

అన్నపూర్ణ పరిక్రమ మార్గం నేపాల్ దేశపు మధ్య భాగంలో అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టి వచ్చే దారి. 1977లో విదేశీయుల రాకకు అనుమతి లభించిన నాటి నుండి ఇది ప్రపంచ ప్రసిద్ధ నడక మార్గాలలో ఒకటిగా పేరు పొందినది. తరువాతి కాలంలో తూర్పున మనాంగ్ వరకు, పడమట ముక్తినాథ్ వరకు జీపు రోడ్లు ఏర్పడుటచే పర్వత సైకిళ్ళపై వెళ్ళువారి సంఖ్య పెరిగినది. ఈ మార్గంలో అత్యున్నత స్థలమైన థొరాంగ్ లా కనుమ సముద్రమట్టానికి 5,416 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ కనుమను దాటే "యాక్ అటాక్" అనే సైకిలు పోటీ 2007లో ప్రారంభమైనది. విదేశాల నుండి వచ్చే యాత్రికులలో చాలామంది సైకిలును వెంట తెచ్చుకొనక ఖాట్మండులోని థమేల్ ప్రాంతంలోనో, పోఖరాలోని సరస్సు ఒడ్డున ఉన్న దుకాణాలలోనో అద్దెకు తీసుకొంటారు. ఈ వ్యాసం అటువంటి యాత్రకు కావలసిన ముందస్తు ఏర్పాట్లను వివరిస్తుంది.

తెలుగువారిలో "బైకు" అనగా మోటారు సైకిలు అనే అర్థం స్థిరపడినది. నేపాల్‌లోనూ వాడుక ఇదే. అక్కడ మోటారు సైకిళ్ళు కూడా విరివిగా అద్దెకు దొరుకుతాయి. కనుక దుకాణదారుతో మాట్లాడునప్పుడు "మౌంటెన్ బైకు" అనో "సైకిలు" అనో స్పష్టంగా చెప్పవలెను.

మార్గ స్వరూపం

యాత్ర సాధారణంగా లమ్‌జుంగ్ జిల్లాలోని బేసిసహర్ వద్ద మొదలై, మర్స్యాంగ్దీ నదీలోయ వెంట ఉత్తరంగా, తరువాత పడమరగా సాగుతుంది. కనుమ దాటిన పిమ్మట కాళీ గండకీ లోయలోకి దిగి దక్షిణంగా బేని చేరుతుంది. ముఖ్య స్థలాలు, వాటి సుమారు ఎత్తులు ఈ విధంగా ఉన్నవి:

* బేసిసహర్ – 760 మీ.
* చామె – 2,670 మీ.
* పిసాంగ్ – 3,200 మీ.
* మనాంగ్ – 3,540 మీ.
* యాక్ ఖర్కా – 4,050 మీ.
* థొరాంగ్ ఫేదీ – 4,450 మీ.
* థొరాంగ్ లా – 5,416 మీ.
* ముక్తినాథ్ – 3,760 మీ.
* జోమ్‌సోమ్ – 2,720 మీ.
* తాతోపాని – 1,190 మీ.
* బేని – 830 మీ.

పర్వతాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని తిరుగుటను ప్రదక్షిణ అంటారు. ఈ మార్గంలో మాత్రం దాదాపు అందరూ అపసవ్య దిశలోనే, అనగా పర్వతం ఎడమచేతి వైపు ఉండేటట్లు వెళతారు. దీనికి కారణం శరీర ధర్మమే. తూర్పు వైపున బస చేయదగిన గ్రామాలు కొద్దికొద్ది ఎత్తుల తేడాతో వరుసగా ఉన్నవి. పడమటి వైపు నుండి ఎక్కితే ముక్తినాథ్ తరువాత ఒకే రోజున సుమారు 1,650 మీటర్లు పైకి పోవలసి వస్తుంది. అంత వేగాన్ని శరీరం తట్టుకొనుట కష్టం.

అనుకూల కాలం

అక్టోబరు, నవంబరు నెలలు మిక్కిలి అనుకూలమైనవి. మార్చి నుండి మే వరకు కూడా వెళ్ళవచ్చును. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాలు, కొండచరియలు విరిగిపడుట వలన దారులు మూసుకొనిపోతాయి. చలికాలంలో కనుమపై మంచు పేరుకొంటుంది. దసరా సమయంలో నేపాలీయులు "దశైం" పండుగను పదిహేను రోజులు జరుపుకొంటారు. ఆ రోజులలో బస్సులు కిక్కిరిసి ఉంటాయి, పలు దుకాణాలు మూసివేస్తారు. ఆ సమయంలో వెళ్ళువారు సైకిలును ముందుగానే మాట్లాడి ఉంచుకొనవలెను.

2014 హుద్‌హుద్ తుపాను

శరదృతువులో ఆకాశం నిర్మలంగా ఉంటుందన్న నమ్మకం అన్ని వేళలా నిజం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటి ఆ నగరాన్ని అతలాకుతలం చేసినది. బలహీనపడిన ఆ తుపాను శేషం ఉత్తరంగా కదిలి హిమాలయాలను తాకినది. అక్టోబరు 14న అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాలలో తీవ్రమైన మంచు తుపాను, హిమపాతాలు సంభవించి కనీసం 43 మంది మరణించారు. మృతులలో విదేశీ యాత్రికులతో పాటు నేపాలీ మార్గదర్శులు, కూలీలు, స్థానికులు కూడా ఉన్నారు. థొరాంగ్ లా పరిసరాలలో చనిపోయినవారిలో పలువురు కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతూ, మంచులో దారి కానరాక చలికి బలి అయినవారు.

విశాఖ తీరాన్ని తాకిన తుపాను రెండు రోజుల తరువాత వందలాది కిలోమీటర్ల దూరాన హిమాలయాలలో ప్రాణాలు తీయగలదని ఈ ఘటన చాటినది. బంగాళాఖాతంలో తుపాను ఉన్నదని తెలిసినప్పుడు మనాంగ్‌లోనో, అంతకు దిగువనో ఆగిపోవుటయే క్షేమకరం. ఇందుకొరకు ప్రయాణ ప్రణాళికలో కనీసం రెండు రోజులు అదనంగా ఉంచవలెను. సైకిలు అద్దె గడువును, తిరుగు ప్రయాణపు టికెట్టును కూడా ఆ రెండు రోజులు కలిపియే నిర్ణయించుకొనవలెను. గడువు మించితే అద్దె పెరుగుతుందనే తొందర, విమానం తప్పిపోతుందనే భయం, యాత్రికులను కాని వాతావరణంలో కనుమ ఎక్కించే కారణాలలో ముఖ్యమైనవి.

పత్రాలు, అనుమతులు

భారతీయులకు నేపాల్ వెళ్ళుటకు వీసా అవసరం లేదు. విమానంలో వెళ్ళువారు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని చూపవచ్చును. ఈ మార్గం అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉన్నది. 1986లో మొదలైన ఈ సంరక్షణ ప్రాంతం 7,629 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో నేపాల్‌లోని రక్షిత ప్రాంతాలన్నిటిలో పెద్దది. ఇందులో ప్రవేశించుటకు అనుమతి పత్రం తీసుకొనవలెను. సార్క్ దేశాల పౌరులకు రుసుము ఇతర విదేశీయుల కంటే తక్కువ. రక్షిత ప్రాంతాలలో సంచరించే విదేశీయులు లైసెన్సు గల మార్గదర్శిని వెంట తీసుకొనవలెనని 2023 ఏప్రిల్ 1 నుండి నియమం ఏర్పడినది.

నూరు భారతీయ రూపాయలు 160 నేపాలీ రూపాయలకు సమానం. ఈ మారకం రేటు 1993 నుండి స్థిరంగా ఉన్నది. పెద్ద భారతీయ నోట్లను నేపాల్‌లోకి తీసుకొనిపోవుటకు సంబంధించిన నియమాలు పలుమార్లు మారినవి గనుక బయలుదేరే ముందు సరిచూచుకొనవలెను. మనాంగ్ దారిలో బ్యాంకు సదుపాయాలను నమ్ముకొనరాదు. యాత్రకు సరిపడు నేపాలీ నగదును ఖాట్మండులో గాని, పోఖరాలో గాని సమకూర్చుకొనుట మంచిది.

అద్దె సైకిలు ఎంపిక

అద్దె సైకిలు ఇదివరకే ఎందరో వాడినది. కనుక బయలుదేరుటకు కనీసం ఒక రోజు ముందు దానిని తీసుకొని, దగ్గరలోని కొండదారిలో రెండు మూడు గంటలు తొక్కి చూడవలెను. పరీక్షించవలసిన అంశాలు ఇవి:

* చట్రం: యాత్రికుని ఎత్తుకు తగిన పరిమాణంలో ఉండవలెను. అతుకుల వద్ద పగుళ్ళు ఉన్నవేమో చూడవలెను.
* బ్రేకులు: ఈ మార్గానికి డిస్కు బ్రేకులు అవసరం. ప్యాడ్ల మందం చూడవలెను. ఏ చేతి మీట ముందు చక్రానిదో, ఏది వెనుక చక్రానిదో నిర్ధారించుకొనవలెను. కొన్ని దేశాలలో ముందు బ్రేకు కుడిచేతికి, మరికొన్నిటిలో ఎడమచేతికి ఉంటుంది. అలవాటు లేని అమరికతో నిటారు దిగుడులో ముందు బ్రేకును గట్టిగా నొక్కినచో మనిషి హ్యాండిలు మీదుగా బోర్లా పడతాడు.
* ముందు ఫోర్కు: గాలి నింపే రకమైతే యాత్రికుని బరువుకు తగినట్లు దుకాణంలోనే సరిచేయించవలెను.
* గేర్లు, చైను: ఎక్కుడులో అతి తేలిక గేరు పడుతున్నదో లేదో చూడవలెను. సాగిన చైను బరువు పడినప్పుడు జారుతుంది, తెగిపోవచ్చును కూడా.
* టైర్లు: గట్లు అరిగిపోని వెడల్పాటి టైర్లు కావలెను.

వెంట తీసుకొనవలసిన విడిభాగాలు: రెండు ట్యూబులు, పంచరు సామాను, గాలి పంపు, బ్రేకు ప్యాడ్ల జత, చైను లింకులు, చైను నూనె, చిన్న పనిముట్ల కట్ట. ట్యూబుల వాల్వు, పంపు మూతి ఒకే రకమైనవై ఉండవలెను. వెనుక గేరు యంత్రాన్ని చట్రానికి పట్టి ఉంచే చిన్న లోహపు కొక్కెం ఒక్కో సైకిలుకు ఒక్కో ఆకారంలో ఉంటుంది. సైకిలు పక్కకు పడినప్పుడు ముందుగా వంగేది, విరిగేది అదే. మార్గమధ్యంలో దానికి సరిపడునది దొరకుట దుర్లభం. కావున అదే నమూనా కొక్కెం ఒకటి దుకాణదారు నుండి అడిగి తీసుకొనుట అవసరం.

హెల్మెట్టును మాత్రం అద్దెకు తీసుకొనుట కంటే సొంతది తీసుకొనిపోవుట మేలు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టు పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగిపోయి ఉండవచ్చును. చేతి తొడుగులు, బూట్లు, అలవాటైన పెడళ్ళు కూడా వెంట తెచ్చుకొనువారున్నారు.

అద్దె ఒప్పందం

ఒప్పందం కాగితంపై ఉండవలెను. రోజు అద్దె, గడువు మీరినచో అదనపు రుసుము, ఏ భాగం పాడైతే ఎంత చెల్లించవలెనో, దొంగతనం జరిగితే బాధ్యత ఎవరిదో, సైకిలును ఖాట్మండులో తీసుకొని పోఖరాలో అప్పగించవచ్చునో లేదో అందులో వ్రాయించుకొనవలెను. బయలుదేరే ముందు గీతలు, సొట్టలతో సహా సైకిలును అన్ని వైపుల నుండి ఫొటోలు తీసి ఉంచుకొన్నచో తరువాత వివాదాలు రావు. హామీగా అసలు పాస్‌పోర్టును వదలిపెట్టరాదు. అనుమతి పత్రాల తనిఖీకి, తిరుగు ప్రయాణానికి, ప్రమాదం జరిగినప్పుడు ఆసుపత్రిలో గుర్తింపుకు అది అవసరమవుతుంది. నగదు హామీ గాని, నకలు ప్రతి గాని ఇవ్వవచ్చును.

ఎత్తు వలన కలిగే జబ్బు

థొరాంగ్ లా వద్ద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగమే. తలనొప్పి, వికారం, ఆకలి మందగించుట, నిద్రలేమి తొలి లక్షణాలు. విశ్రాంతిలోనూ ఆయాసం, ఎడతెగని దగ్గు ఊపిరితిత్తులలో నీరు చేరుటకు గుర్తులు. నడక తడబడుట, మాట తికమకపడుట మెదడు వాపుకు గుర్తులు. ఈ రెండూ ప్రాణాంతకాలు. వీటికి ముఖ్యమైన చికిత్స వెంటనే దిగువకు దిగుట. రాత్రి అయినా, ఎంత దూరం వచ్చినా, వాయిదా వేయరాదు.

3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు సుమారు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగవలెనని వైద్యులు సూచిస్తారు. జీపులో సైకిలు వేసుకొని ఒకటి రెండు రోజులలో మనాంగ్ చేరుట సాధ్యమే గాని, ఈ నియమానికి అది పూర్తిగా విరుద్ధం. కాళ్ళలో బలమున్న యువకులు సైకిలుపై నడకవారి కంటే త్వరగా పైకి పోగలరు. వ్యాయామ బలం ఈ జబ్బు నుండి కాపాడదు. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ యాత్రాకాలంలో మనాంగ్‌లో వైద్య కేంద్రం నడుపుతూ, ఎత్తు జబ్బుపై యాత్రికులకు ప్రసంగాలు ఏర్పాటు చేస్తున్నది. అసిటజోలమైడ్ వంటి మందులను వైద్యుని సలహాతోనే వాడవలెను.

దినచర్య ప్రణాళిక

సాధారణ ప్రణాళిక ఈ విధంగా ఉంటుంది: మొదటి రోజు బేసిసహర్ నుండి జగత్, రెండవ రోజు చామె, మూడవ రోజు పిసాంగ్, నాలుగవ రోజు మనాంగ్, ఐదవ రోజు అక్కడే విశ్రాంతి, ఆరవ రోజు యాక్ ఖర్కా, ఏడవ రోజు థొరాంగ్ ఫేదీ, ఎనిమిదవ రోజు కనుమ దాటి ముక్తినాథ్, తొమ్మిదవ రోజు మర్ఫా, పదవ రోజు తాతోపాని, పదకొండవ రోజు బేని మీదుగా పోఖరా. అదనపు రోజులతో కలిపి రెండు వారాలు అవసరం.

థొరాంగ్ ఫేదీ నుండి కనుమ వరకు చాలా దూరం సైకిలు తొక్కుట సాధ్యం కాదు. దానిని నెట్టుకొంటూనో, భుజాన మోసుకొంటూనో నడవవలెను. అందుచేత సైకిలు బరువు, సామాను బరువు ఎంత తక్కువైతే అంత మేలు. తెల్లవారకముందే బయలుదేరి, గాలి ఉద్ధృతి పెరుగక మునుపే కనుమ దాటుట ఆచారం. అవతల దాదాపు 1,650 మీటర్ల దిగుడు ఉన్నది. వరుసగా బ్రేకు పట్టి ఉంచితే డిస్కులు వేడెక్కి పట్టు తగ్గుతుంది గనుక మధ్యమధ్య ఆగి చల్లారనివ్వవలెను.

ధవళగిరి (8,167 మీ.), అన్నపూర్ణ (8,091 మీ.) శిఖరాల నడుమ ఉన్న కాళీ గండకీ లోయలో ప్రతిదినం ఉదయం గడిచిన తరువాత దక్షిణం నుండి బలమైన గాలి వీస్తుంది. జోమ్‌సోమ్ నుండి దిగువకు వచ్చువారికి ఇది ఎదురుగాలి. దుమ్ము, ఇసుక కూడా రేగుతాయి. కనుక ఈ భాగంలో తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికి బస చేరుకొనుట మంచిది.

బీమా

సాధారణ ప్రయాణ బీమాలో పర్వత సైకిలు యాత్ర, అధిక ఎత్తులు మినహాయింపుల క్రింద ఉండవచ్చును. తీసుకొనే పాలసీ పర్వత సైకిలుకు, 5,500 మీటర్లకు తగ్గని ఎత్తుకు, హెలికాప్టరు ద్వారా తరలింపునకు వర్తిస్తుందని కాగితంపై చూచుకొనవలెను. అవసరం లేకపోయినా రోగులను హెలికాప్టరులో తరలించి బీమా సొమ్ము రాబట్టే మోసాలపై 2018లో నేపాల్ ప్రభుత్వం విచారణ జరిపినది. హెలికాప్టరు పిలుచుటకు ముందు వీలైనచో బీమా సంస్థకు తెలియజేయుట మంచిది.

తెలుగువారు, ముక్తినాథ్

వైష్ణవుల 108 దివ్యదేశాలలో ముక్తినాథ్ ఒకటి. ఆలయం వెనుక 108 నీటి ధారలు, సమీపంలోని జ్వాలామాయి గుడిలో సహజవాయువుతో వెలిగే జ్వాల ఉన్నవి. కాళీ గండకీ నది సాలగ్రామ శిలలకు ప్రసిద్ధి. తెలుగు యాత్రికులు అనేకులు పోఖరా నుండి జీపులలోనో, జోమ్‌సోమ్ వరకు విమానంలోనో ఇక్కడికి వస్తారు. దిగువ నుండి ఒక్కసారిగా 3,760 మీటర్ల ఎత్తుకు చేరే ఈ యాత్రికులకు, ముఖ్యంగా వృద్ధులకు, ఎత్తు జబ్బు గురించి పైన చెప్పిన జాగ్రత్తలు సైకిలు యాత్రికులకు వలెనే వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

* అన్నపూర్ణ పర్వతం
* ముక్తినాథ్
* కాళీ గండకీ నది
* హుద్‌హుద్ తుపాను