కోటబొమ్మాళి నుంచి శాసనసభ దాకా అర్జీ నడిచిన దారి

నూరేళ్ళ కిందట కోటబొమ్మాళి రైతు గోడు చట్టసభ చెవిన పడాలంటే ముందు దూరమే పెద్ద అడ్డం. 1936 దాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. శాసనసభ తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన, మద్రాసులో. ఒడిశా ఏర్పడ్డప్పుడు టెక్కలి వైపు ఊళ్ళు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. దూరం కన్నా పెద్ద చిక్కు ఓటు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే ఓటు దక్కిన కాలమది. జాబితాలో పేరు లేని కూలీకి, పాలికాపుకు ఫలానా సభ్యుడు మావాడని చెప్పుకునే వీలే లేదు. అర్జీ పెడితే జమీందారుకో కలెక్టరుకో పెట్టాలి. చదువురాని రైతు శిస్తు మీద ఫిర్యాదు రాయించాలన్నా, ఆ శిస్తు లెక్కలు రాసే కరణం గడపే తొక్కాలి.

1937 ఎన్నికల తర్వాత మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చాక మొదటి మలుపు కనిపిస్తుంది. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ భూములపై విచారణ సంఘం వేశారు. రైతుల మాట, జమీందారుల మాట రెండూ రికార్డు చేశారు. భూమికి హక్కుదారు రైతేనని 1938లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. రైతు మాట శాసనసభ కాగితాల్లోకి అంత బలంగా ఎక్కిన సందర్భం అంతకు ముందు ఈ ప్రాంతం ఎరగదు. అది చట్టం కాకముందే, 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. గవర్నరు పాలన వచ్చింది, సభ మూగబోయింది.

ఆ తర్వాత అయిదు నెలలకు, 1940 మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఏప్రిల్ 1న మందస జమీందారీలో అడవి కట్టెల తగాదా మీద రైతులను అరెస్టు చేయబోతే అడ్డం తిరిగిన గుడారి రాజమణిపురం గున్నమ్మ పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచింది. సభ మూగబోవడాన్నీ ఈ పోరాటాన్నీ విడదీసి చదవలేను. చెప్పుకునే చోటు మూతపడ్డాకే జనం రోడ్డెక్కారని నా నమ్మకం. జమీందారీల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

1952లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. రాజధాని మద్రాసు నుంచి కర్నూలుకు, అక్కడి నుంచి హైదరాబాదుకు మారింది. పల్లెలో అసలు మార్పు 1984లో కరణం, మునసబు పదవులు పోయాక, ఆ మరుసటేడు మండలాలు వచ్చాక మొదలైంది. 1983లో హరిశ్చంద్రపురం నియోజకవర్గం నుంచి గెలిచిన కింజరాపు ఎర్రన్నాయుడిది ఈ మండలంలోని నిమ్మాడే. ఎమ్మెల్యే పక్క ఊరివాడే అయ్యాడు. 2009 ఎన్నికల నాటికి ఆ నియోజకవర్గం రద్దయి కోటబొమ్మాళి టెక్కలిలో కలిసినా, ఆయన తమ్ముడు అచ్చెన్నాయుడి కాలంలోనూ నిమ్మాడ దారి జనానికి అలవాటైన దారే.

ఇప్పటి అర్జీని ఒకసారి దగ్గరగా చూడండి. తెల్లకాగితం మీద 'గౌరవనీయులైన శాసనసభ్యులు గారికి', కింద నాలుగు వరుసల సమస్య, ఆధార్ జెరాక్సు పిన్ను కొట్టి, మూలన సెల్ నంబరు. పింఛను, ఆసుపత్రి బిల్లుకు ముఖ్యమంత్రి సహాయనిధి, తిరుమల దర్శనానికి సిఫారసు లేఖ, వంశధార ఎడమ కాలువ శివారు పొలాలకు నీళ్ళు. మార్జిన్‌లో ఎమ్మెల్యే రాసే ఒక్క ముక్కతో అది తహసీల్దారు బల్ల మీదకు చేరుతుంది. కిడ్నీ జబ్బులతో నలిగే ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్ చేయించుకునే ఇంటికి ఆ ముక్క విలువ ఎంతో నేను చెప్పనక్కర్లేదు. కానీ అది ఒకరి పని ఒకరికి చేసిపెట్టే దారి. పైరవీ తెలిసినవాడు ముందుంటాడు, తెలియనివాడు వరండాలోనే ఉండిపోతాడు.

సోమవారం గ్రీవెన్సు, 2019 నుంచి 2024 దాకా నడిచిన స్పందన, 2025 జనవరిలో మొదలైన వాట్సాప్ 'మన మిత్ర', ఇవన్నీ అధికారుల దగ్గరికి తీసుకెళ్ళే దారులు. పని జరిగితే మంచిదే. అయితే ఊరంతటి బతుకుకు సంబంధించిన నిర్ణయం అక్కడ తేలదు. థర్మల్ కేంద్రాలు వద్దని ఈ జిల్లాలోనే సోంపేట, కాకరాపల్లి జనం మొరపెట్టుకున్నారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇలాంటి మాట సభలో చర్చకు రావాలి.

అందుకు శాసనసభకు అర్జీల కమిటీ ఉంది. లోక్‌సభకూ ఉంది. ఊరి సంతకాలు సేకరించి, సభ్యుడి చేత సభలో ప్రవేశపెట్టిస్తే ఆ కాగితం సభ రికార్డవుతుంది, కమిటీ వివరణ అడిగితే శాఖ జవాబు చెప్పుకోవాలి. శివారు రైతులు ఏటా విడివిడిగా పట్టుకెళ్ళే కాలువ నీళ్ళ అర్జీని ఈసారి ఒక్క కాగితంగా రాసి, ఎమ్మెల్యే గారిని సిఫారసు కాక, దాన్ని సభకు సమర్పించమని అడగాలి.