చెప్పు అడగని కాలు: జైపూర్ ఫుట్ కథ

'మయూరి' సినిమా చూశారా? మీరు చూడకపోయినా మీ అమ్మనో పిన్నినో అడగండి, కథంతా చెప్పేస్తారు. రామోజీరావు నిర్మించిన సినిమా, సింగీతం శ్రీనివాసరావు డైరెక్షన్. హీరోయిన్ సుధా చంద్రన్ అందులో వేసింది తన సొంత కథే. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో ఆమె కుడికాలు పోయింది. 1984లో మళ్లీ స్టేజీ ఎక్కి భరతనాట్యం చేసింది. మనమంతా ఆమె పట్టుదల గురించి మాట్లాడుకుంటాం, కరెక్టే. మరి ఆమె వేసుకున్న ఆ కాలు ఎక్కడిది? ఎవరు చేశారు? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

కథ 1960లలో జైపూర్‌లో, సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో మొదలవుతుంది. అక్కడ ఎముకల డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ. అప్పట్లో దొరికే కృత్రిమ పాదం 'సాచ్' అనే అమెరికన్ డిజైన్. చెడ్డ డిజైన్ అని కాదు. బూట్లు వేసుకుని, కుర్చీలో కూర్చుని బతికేవాళ్లకి అది బాగానే పనిచేస్తుంది. దాని లోపల మడమ దగ్గర్నుంచి ముందు పాదం దాకా గట్టి చెక్క ఉంటుంది, చీలమండ దగ్గర వంగదు. పైగా మడమ ఎత్తుని బూటుకి తగ్గట్టు లెక్కేస్తారు. అంటే బూటు తీసేస్తే నడక లెక్క మొత్తం తప్పుతుంది!

ఇప్పుడు రాజస్థాన్ పల్లెలో ఒక రైతుకి ఆ కాలు ఇచ్చారనుకోండి. గుడికి వెళ్తే చెప్పులు విప్పాలి. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చుని తినాలి. పొలంలో తడి నేల, పైపొర చిరిగితే లోపలి స్పాంజి నీళ్లు పీల్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున్నే గొంతుక్కూర్చోవాలి, ఎందుకో చెప్పక్కర్లేదు కదా. చీలమండ వంగని కాలితో కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది. అందుకే చాలామంది ఆ ఖరీదైన కాలు ఇంట్లో మూలన పడేసి, మళ్లీ చంక కర్రలే పట్టుకునేవాళ్లు.

ఇక్కడ వస్తాడు అసలు మనిషి, రామచంద్ర శర్మ. అందరూ మాస్టర్జీ అనేవాళ్లు. చేతిపనుల కుటుంబం, స్కూలు చదువు పెద్దగా లేదు. ఆసుపత్రిలో కుష్ఠు రోగులకి చేతిపనులు నేర్పే ఉద్యోగం. కాలు పోయినవాళ్లు పడే అవస్థ రోజూ కళ్లతో చూసేవాడు. ఒకరోజు ఆయన సైకిల్ టైరు పంక్చరైందనీ, బాగుచేయించడానికి వెళ్లిన చోట లారీ టైర్లకి రబ్బరు ఉడికించి అతికించడం చూశాడనీ, అక్కడే బుర్రలో బల్బు వెలిగిందనీ చెప్తారు. పంక్చర్ సంగతి ఎంతవరకు నిజమో గానీ, టైర్ల రబ్బరు పని మాత్రం నిజం.

తయారీ చూడండి. చెక్కని పైన చీలమండ భాగానికే పరిమితం చేశారు. మడమకీ, ముందు పాదానికీ స్పాంజి రబ్బరు ముక్కలు. వాటి చుట్టూ టైర్లలో వాడే దారాల పొర, దాని మీద ఒంటి రంగు రబ్బరు. మొత్తాన్ని పాదం ఆకారపు అచ్చులో పెట్టి ఉడికిస్తారు. బయటికి వచ్చేది వేళ్లతో సహా అచ్చం పాదం. వంగుతుంది, పక్కలకి వాలుతుంది, తడిసినా పాడవదు, ఉత్త కాలితో నడవొచ్చు. ఎక్కడ బరువు పడితే మొండికాలు ఒరుసుకుంటుందో, నడకలో ఎక్కడ తేడా వస్తుందో సేఠీకి తెలుసు. రబ్బరు ఏం చేయగలదో మాస్టర్జీకి తెలుసు. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. 1968 నాటికి జైపూర్ ఫుట్ రెడీ.

అయిపోయిందా? లేదు! అసలు బాధ ఇక్కడే. తర్వాతి ఏడేళ్లలో ఆ కాలు అందింది కేవలం 59 మందికి. ఏడేళ్లు, 59 మంది! వస్తువు ఉంది, అది కావాల్సినవాళ్లు వేలల్లో ఉన్నారు, మధ్యలో దారి లేదు. ఆ దారి వేసింది డి.ఆర్. మెహతా అనే ఐఏఎస్ అధికారి. 1969లో కారు ప్రమాదంలో ఆయన కాలు పోయేంత పనైంది. అది మర్చిపోలేదు. 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పెట్టి కాళ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కణ్నుంచి లెక్క లక్షల్లోకి పోయింది. మందుపాతరలతో కాళ్లు పోయిన అఫ్గానిస్థాన్ వాళ్ల దాకా వెళ్లింది. పాదానికి పైన వచ్చే భాగాన్ని మొదట్లో అల్యూమినియం రేకుని సుత్తితో కొట్టి చేసేవాళ్లు. తర్వాత పొలాలకి నీళ్లు పారించే ప్లాస్టిక్ పైపునే వేడి చేసి, కాలి అచ్చు మీద తొడగడం మొదలైంది.

సేఠీ ఈ పాదానికి పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చు. 1981లో ఆయనకి మెగసెసే అవార్డు, పద్మశ్రీ రెండూ వచ్చాయి. అర్హుడే, అందులో డౌట్ లేదు. కానీ మాస్టర్జీకి ఆ రెండూ రాలేదు. ఈ ఎపిసోడ్ మొదలుపెట్టేటప్పుడు మీలో ఎంతమందికి రామచంద్ర శర్మ పేరు తెలుసు? నిజం చెప్పాలంటే, దీని గురించి చదవకముందు నాకూ తెలీదు.