పక్షుల జనాభా లెక్కలు

మనదేశములో మనుష్యుల జనాభా లెక్కలు మొట్టమొదట 1872లో తీయబడినవి. ఎందరున్నారో తెలిసినగాని ఎన్ని బడులు కట్టవలెనో, ఎంత ధాన్యము నిలువ చేయవలెనో తెలియదు. పక్షులకు బడులు అక్కరలేదు. తమ గింజలను అవియే వెదకుకొనును. అట్టివాటిని లెక్కించుట దేనికని విద్యార్థులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము పక్షిశాస్త్ర చరిత్రలోనే కలదు.

తొలినాటి పక్షిశాస్త్రజ్ఞులు లెక్కలు వేయలేదు, జాబితాలు వ్రాసిరి. థామస్ జెర్డన్ అను సైనిక వైద్యుడు 1836లో మనదేశమునకు వచ్చి, కొంతకాలము నెల్లూరులో పనిచేసెను. 1862-64 సంవత్సరములలో ఆయన వెలువరించిన భారతదేశపు పక్షుల గ్రంథములో అనేక పక్షుల తెలుగు పేర్లు కూడ నమోదైనవి. ఆ కాలమున పక్షిని గుర్తించుటకు ముఖ్య సాధనము తుపాకి. కొట్టిన పక్షి చర్మమును ఒలిచి, ఎండబెట్టి, ప్రదర్శనశాలలో భద్రపరచెడివారు. అట్టి జాబితా "ఈ పక్షి ఇక్కడ కలదు" అని చెప్పును గాని, "ఇన్ని కలవు" అని చెప్పదు.

1931లో సలీం అలీ హైదరాబాదు సంస్థానములో పక్షుల పరిశీలన ప్రారంభించెను. దాని ఫలితములు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో 1933-34లో భాగములుగా ప్రకటింపబడినవి. నేటి రామగుండము ఆనాడు ఆ సంస్థానములోనిదే. అప్పటికి గోదావరిఖని పుట్టలేదు. విద్యుత్కేంద్రపు పొగగొట్టములు లేవు. తెలంగాణములో ఏ జాతి పక్షులు ఉండెడివో తెలిసికొనుటకు ఆ పరిశీలన ఇప్పటికిని ఆధారము. కాని ఫలానా చెరువులో ఫలానా నెలలో ఎన్ని బాతులు దిగినవని అడిగినచో, అది సమాధానము ఈయజాలదు. అది అందుకు ఉద్దేశింపబడినది కాదు.

లెక్కించుట అను ఆలోచన వేరొక దారిన వచ్చినది. అమెరికాలో క్రిస్మస్ నాడు జట్లుగా చీలి, ఏ జట్టు ఎక్కువ పక్షులను కొట్టునో యని పందెముగా వేటాడు ఆచారముండెను. 1900 సంవత్సరములో ఫ్రాంక్ చాప్మన్ అను శాస్త్రజ్ఞుడు, కొట్టుటకు బదులు లెక్కింపుడని సూచించెను. ఆ డిసెంబరు 25వ తేదీన 27 మంది, 25 చోట్ల లెక్కించిరి. అది నేటికిని ఏటేట జరుగుచున్నది. అందు పాల్గొను వారిలో అత్యధికులు శాస్త్రజ్ఞులు కారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విద్యార్థులు, గృహిణులు.

మన ప్రాంతమున ఇట్టి పని సంఘరూపము దాల్చినది 1980లో. ఆ సంవత్సరము హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘము ఏర్పడినది. రాష్ట్ర విభజన తరువాత అది 'డెక్కన్ బర్డర్స్' అను పేర కొనసాగుచున్నది. నెలకొకసారి తెల్లవారుజామున బయలుదేరి ఏదో ఒక చెరువుకో, అడవికో పోవుట, చూచిన పక్షుల పట్టిక వ్రాయుట వారి వాడుక. తమ వార్తాపత్రికకు వారు పెట్టిన పేరు 'పిట్ట'. 1987లో ఆసియా నీటిపక్షుల గణన మొదలైనది. సలీం అలీ మరణించినది కూడ ఆ సంవత్సరమే. ప్రతి జనవరిలోను ఈ గణన జరుగును. ఉత్తర దేశములనుండి వచ్చిన వలస బాతులు, ఉల్లంకులు అప్పటికి మన చెరువులలో స్థిరపడియుండును. కాబట్టి ఆ నెలను ఎంచుకొనిరి.

లెక్కించు పద్ధతి సులభమే గాని నియమములు గలది. గుంపులోని పది పక్షులను మొదట లెక్కించి, అంత గుంపు కంటికి ఎంత చోటు పట్టునో గుర్తుంచుకొని, మొత్తము గుంపులో అట్టి భాగములు ఎన్ని కలవో చూడవలెను. ఎంత సేపు చూచిరో, ఎందరు చూచిరో వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, మరుసటి ఏడు అదే చోటికి, అదే కాలమున తిరిగి పోవుట. ఒక్క ఏటి సంఖ్య ఒంటరి సంఖ్య మాత్రమే. ఇరువది ఏండ్ల సంఖ్యలు చరిత్ర అగును. "ఏమియు కనబడలేదు" అను సున్న కూడ విలువైన సమాచారమే.

ఆ విలువ ఎంతటిదో రాబందుల కథ చెప్పును. ఒకప్పుడు ఊరి బయట పశువు కళేబరము పడినచోట రాబందులు గుంపులుగా వాలెడివి. అవి ఎంత సామాన్యమనగా, వాటిని లెక్కింపవలెనని అనేకులకు తోచలేదు. రాజస్థానములోని కియోలాదేవ్ పార్కులో మాత్రము బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాశ్ వాటి గూళ్ళను లెక్కించెను. 1987-88లో 353 జంటల తెల్లవీపు రాబందులు అచట గూళ్ళు కట్టినవి. 1996-97 నాటికి 150 జంటలే మిగిలినవి. ఈ రెండు సంఖ్యలు లేనిచో, "ఈమధ్య రాబందులు తగ్గినట్లున్నవి" అను మాట ఊరి కబురుగానే మిగిలిపోయెడిది.

సంఖ్యలు చేతికందిన పిదపనే కారణము కొఱకు వెదకుట సాధ్యమైనది. 2004లో లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు పాకిస్తానులో జరిపిన పరిశోధన వలన గుట్టు బయటపడినది. పశువుల నొప్పి తగ్గించుటకు వాడెడి డైక్లోఫినాక్ మందు కళేబరము ద్వారా రాబందు శరీరములో చేరి, దాని మూత్రపిండములను చెడగొట్టుచున్నది. 2006లో పశువైద్యములో ఈ మందు వాడుకను మన ప్రభుత్వము నిషేధించెను. అప్పటికే తెల్లవీపు రాబందులలో నూటికి 99 వంతులకు పైగా నశించినవి. తెలంగాణములో 2013లో, రామగుండమునకు ఉత్తరముగా గల పాలరాపు గుట్టపై పొడవుముక్కు రాబందుల చిన్న స్థావరము కనబడినప్పుడు, అది పెద్ద వార్త యైనది. ఒకనాటి సామాన్య పక్షికి పట్టిన గతి ఇది.

ఇప్పుడు రామగుండమువైపు చూడుడు. అరువది ఏండ్లలో ఇంతగా మారిన నేల తెలంగాణములో అరుదు. బొగ్గు గనులు వెలసినవి. 1978లో శంకుస్థాపన జరిగిన విద్యుత్కేంద్రము 1983లో పనిచేయసాగినది. ఎగువన ఎల్లంపల్లి వద్ద గోదావరికి అడ్డుగా 20 టి.యం.సి.ల జలాశయము ఏర్పడినది. నీరు నిలిచినచోట బాతులకు, నీటికాకులకు మేలు కలుగవచ్చును. అదే నీటిలో ఇసుకతిన్నెలు మునిగినచో, వేసవిలో ఇసుకలో గ్రుడ్లు పెట్టు నదీపక్షులకు చోటు తగ్గును. లాభమెంత, నష్టమెంత అని తేల్చుటకు వాదములు చాలవు. వరుస సంవత్సరముల సంఖ్యలు కావలెను. పోయిన ఏండ్ల లెక్కను ఎవరును తిరిగి తేలేరు. రాబోవు ఏండ్ల లెక్క మాత్రము ఇప్పటినుండియే మొదలిడవచ్చును.

ఇందుకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకము, గడియారము ఉన్న చాలును. దుర్భిణి లేనిచో దగ్గరి చెరువుగట్టు చాలును. ఒక ఉన్నత పాఠశాల ఒక చెరువును ఎంచుకొని, జనవరిలో వలసపక్షులను, ఏప్రిలులో ఇసుకపై గూళ్ళను (దూరమునుండియే, గ్రుడ్లను తాకక), వానకాలమున కొంగల గూళ్ళను లెక్కించి, ఆ పుస్తకమును తరువాతి తరగతికి అప్పగించిన, పదేండ్లలో అది ఏ శాస్త్రజ్ఞుడును కొనలేని నిధి యగును. అందులో కాకి, పిచ్చుక, పాలపిట్టలను కూడ తప్పక చేర్చవలెను. నేడు సామాన్యములని వానిని వదలివేయరాదు. రాబందు కూడ ఒకప్పుడు సామాన్యమే గదా!